కుందేళ్లకు కుదిరిన మందు

రాత్రి నాలుగైదు మారులు లేచుట, ధార సన్నగిలుట, పోసినను ఇంకను మిగిలినట్లు తోచుట వార్ధక్యమున సహజములని మన యిండ్లలో సరిపెట్టుకొనుచున్నారు. పెద్దలు సిగ్గుచే చెప్పరు, పిల్లలు అడుగరు. చాలకాలము వైద్యులును పురుషులయందు దోషమంతయు ప్రోస్టేటు గ్రంథిదే యని తలంచిరి. మూత్రాశయమునకు రక్తము చాలకపోవుటయు నొక కారణమని గత కొన్ని దశాబ్దుల పరిశోధనల వలన తెలియవచ్చినది.

మూత్రాశయము కండరముతో చేయబడిన సంచి. గ్రంథి పెరిగి దారి నిరుకు చేసినపుడు ఆ సంచి అధికబలముతో నొక్కవలసివచ్చును. ఆ యొత్తిడికి దాని గోడలోని రక్తనాళములే నలుగును. ఒత్తిడి తీరి రక్తము మరల ప్రవహించునపుడు ప్రాణవాయువునుండి తీక్ష్ణపదార్థములు పుట్టి కండరమును, నరములను దహించును. బహుదినములు పస్తున్నవానికి ఒక్కసారిగా పెట్టిన అన్నమే చేటు తెచ్చినట్లు, ఇచట రక్షింపవచ్చిన రక్తమే హాని చేయుచున్నది. గ్రంథితో నిమిత్తము లేకుండగనే, ధమనులు క్రొవ్వుచే పూడినను ఇట్టి నష్టము కలుగునని 1999లో బోస్టను పరిశోధకులు కుందేళ్లయందు చూపిరి. చుట్ట కాల్చుచు పల్లేరు కషాయము త్రాగు మన పెద్దమనుష్యులు ఈ సంగతిని గమనింతురుగాక.

ఈ దహనమును ఓషధులు ఆపగలవా? అమెరికాలోని ఆల్బనీ నగరమున లెవిన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కుందేళ్లకు ముందుగా ద్రాక్షసారము నిచ్చి, పిమ్మట మూత్రాశయమునకు రక్తము తగ్గించి చూచిరి. సారము తిన్నవాటి కండరము ఎక్కువ బలమును నిలుపుకొనెను. ఆఫ్రికా పర్వతారణ్యములలో పెరుగు పైజియం చెట్టు పట్టనుండి తీసిన సారము గూడ, దారి నిరుకుచేసిన కుందేళ్లయం దిట్టి మేలు చూపినది. ఆ పట్ట ఆఫ్రికావారి నాటుమందు. ఫ్రాన్సు దేశమున గుళికయై అమ్ముడుపోయెను. పట్ట యొలిచి యొలిచి చెట్లే క్షీణింపగా, 1995 నుండి దాని వ్యాపారమునకు అంతర్జాతీయ నిబంధనలు ఏర్పడినవి. ముడిసరకు ఒకరిది, లాభ మొకరిది యను ఈ కథ మన పాఠకులకు క్రొత్త కాదు.

అయినను కుందేలు మనుష్యుడు కాడు. సాపాల్మెటో అను అమెరికా తాటిజాతి మొక్క పండ్లసారమును ప్రోస్టేటు బాధకై లక్షలాది పురుషులు కొని తినిరి. 2006లో 225 మందిపై ఒక సంవత్సరము పరీక్షింపగా మందులేని గుళికకంటె అది ఏమియు మేలు కాదని తేలినది. 2011లో 369 మందికి మోతాదును మూడింతల వరకు పెంచి చూచినను ఫలితము మారలేదు. ఆ పరీక్షలు రక్తప్రసారమును గూర్చినవి కావు, నిజమే. కాని నమ్మకము వేరు, నిరూపణము వేరని చూపినవి.

మన మాటకు వత్తము. మూత్రాఘాతమును సుశ్రుతుడు వివరించెను. గోక్షురము, వరుణము, అనగా మన పల్లేరు, ఉలిమిరి, నేటికిని వైద్యుల చేతిలో నున్నవి. పసుపుపై అమెరికాలో 1995లో నిచ్చిన పేటెంటును మనవారు 1997లో రద్దు చేయించినపుడు దేశమంతయు సంతోషించెను, మేమును సంతోషించితిమి. కాని యాజమాన్యమును గెలిచినంత మాత్రమున గుణము రుజువు కాదు. వరుణము మూత్రాశయపు పటుత్వమును పెంచునని 1982లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. దానిని వందలకొలది రోగులయందు, మందులేని గుళికతో పోల్చి, మూత్రాశయ రక్తప్రసారమును గూడ కొలిచి పరీక్షింపవలెను. గ్రంథములను కంప్యూటరులలో భద్రపరచుటకు వెచ్చించిన ప్రభుత్వము దీనికేల వెచ్చింపరాదు?

ఆ పరీక్ష జరుగువరకు, మూత్రము బిగిసిన వృద్ధుని గాని, మూత్రమున రక్తము కనిపించినవానిని గాని కషాయముతో ఇంట నుంచుకొనక, ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలసినదని మా పాఠకులను కోరుచున్నాము.