పేరు మనదైతేనే అంగడి మనది

తిరుపతిలో కొండకు పోయే దారిలో ఒక అంగడిలో ఆ మధ్య ఒక చేతిసంచి చూశాం. ఎర్రగుడ్డ మీద అద్దాలు, అంచు వెంబడి గవ్వలు. లోపలి మూలన ఆకుపచ్చ దారంతో వేసిన ముడి కూడా కనబడింది. ఆ ముడి వేసేది మా చిన్నమ్మ ఒక్కతే. నెల కిందట మా తండాకు వచ్చిన ఏజెంటు రెండు వందల లెక్కన పట్టుకుపోయిన సంచుల్లో అది ఒకటి. ఎక్కడిదని అంగడాయన్ని అడిగితే "రాజస్థాన్ సరుకు సార్" అన్నాడు. సంచికి కట్టిన అట్టముక్క మీద ఎవరిదో కంపెనీ పేరు, పన్నెండు వందల యాభై ధర ఉన్నాయి. కుట్టినామె పేరు లేదు, తండా పేరు లేదు, సుగాలి అన్న మాటే లేదు.

ఏజెంటు తిన్న వెయ్యి రూపాయల కంటే, ఆ అట్టముక్క మీద లేని పేరు మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

ఈ మధ్య మన యువతకు శిక్షణ పేరుతో ఒక పూట క్లాసులు ఎక్కువయ్యాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరవండి, బ్రాండు కట్టండి, లక్షలు వచ్చిపడతాయి అని చెబుతారు. భోజనం పెడతారు, ఫొటో తీసుకుంటారు, పోతారు. పేజీ తెరవద్దని మేం అనడం లేదు. తెరవాల్సిందే. కానీ ఎవరి పేరు మీద తెరుస్తున్నాం అన్న ప్రశ్న ఆ క్లాసుల్లో ఎవరూ అడగరు. మనం ముందు అడగాల్సింది అదే.

బ్రాండు అంటే పేరు, అంతే. తిరుపతి వాళ్లకు ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. లడ్డు ఏ ఊళ్లోనైనా చుట్టుకోవచ్చు, తిరుపతి లడ్డు అని మాత్రం అమ్మకూడదు. 2009లో దేవస్థానం ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ., తెచ్చుకుంది. శ్రీకాళహస్తి కలంకారీకీ ఆ గుర్తింపు ఉంది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద అచ్చు వేసిన చీరను కలంకారీ అని అమ్మేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. అయినా అది అసలుది కాదని చెప్పడానికి కాళహస్తి వాళ్ల చేతిలో ఒక పేరు, ఒక కాగితం ఉన్నాయి. మన చేతిలో ఏముంది?

మనకూ పేరు రాసి పెట్టిన రోజులున్నాయి. కాకపోతే రాసింది మనం కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరించారు. చిత్తూరు జిల్లా పుట్టిందీ ఆ ఏడాదే. పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగలకు ముద్రవేసి, ఎరుకల తాతల పేర్లు పోలీసు రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో పోయింది. ఒకప్పుడు మన పేరు రాసి మనల్ని కట్టేశారు. ఇప్పుడు మన పేరు తీసేసి మన పనిని అమ్ముకుంటున్నారు. రెండు సార్లూ కలం మన చేతిలో లేదు.

మరి కలం మన చేతికి వస్తే ఏమవుతుందో చూడటానికి చాలా దూరం పోనక్కర్లేదు. అనంతపురం పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో సండూరు ఉంది. అక్కడి సుగాలి ఆడవాళ్లను లంబాణీలంటారు. సండూరు కుశల కళా కేంద్రంలో కలిసి కుట్టే ఆ ఆడవాళ్ల పనికి 2010లో 'సండూరు లంబాణీ కుట్టు' అన్న పేరు మీద జి.ఐ. వచ్చింది. 2023లో హంపీలో జరిగిన జి-20 సాంస్కృతిక సమావేశాలప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డయింది. మనం గమనించాల్సింది రికార్డు కాదు. వాళ్లు తమ కుట్లను పేరు పేరునా లెక్కపెట్టి రాసి పెట్టుకున్నారు. కీలన్, వేలె, మాకి, రేలో అంటూ పద్నాలుగు రకాలు. పేరున్న కుట్టును దొంగిలించడం కష్టం. పేరులేని దాన్ని ఎవరైనా 'ట్రైబల్ డిజైన్' అని అమ్ముకోవచ్చు.

మా బడిలో పదో తరగతి చదివిపోయిన ఒక అమ్మాయి వాళ్లమ్మ కుట్టిన రవికను ఫొటో తీసి ఫోనులో పెట్టింది. వారం తిరక్కుండా అదే ఫొటో ఇంకొకరి పేజీలో, ఇంకొకరి ఫోను నంబరుతో కనబడింది. అమ్మాయి ఏడ్చుకుంటూ వచ్చింది. ఫొటో ఉత్త గుడ్డది. అది ఎవరిదైనా కావచ్చు. తరువాత మేం కలిసి కూర్చుని మళ్లీ తీశాం. ఈసారి సూది పట్టుకున్న అమ్మ చేతులు ఫొటోలో ఉన్నాయి. కింద ఆమె పేరు, తండా పేరు, ఆ కుట్టుకు గోర్ బోలిలో ఉన్న పేరు రాశాం. కుడుతుండగా అరనిమిషం వీడియో తీశాం. అదీ ఎత్తుకుపోవచ్చు. కానీ ఎత్తుకుపోయినా అమ్మ చేతులు ఆ బొమ్మలోంచి పోవు.

ఇక ధర. సంచికి ఎంత అని అడిగితే మన ఆడవాళ్లు "మీకు తోచింది ఇవ్వండి" అంటారు. ఈ మాట మానాలి. చిన్న సంచికి 16 గంటల పని అనుకుందాం. ఎనిమిది గంటల లెక్కన రెండు రోజులు. ఉపాధి హామీలో మట్టి తవ్వితే 2025-26కు మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. రెండు రోజులకు 614. గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలకు 120 వేద్దాం. ప్యాకింగు, కొరియరుకు 90. మొత్తం 824. ఏజెంటు ఇచ్చేది 200. అంటే మన కుట్టుకు మట్టి కూలి కూడా గిట్టడం లేదు. ఈ లెక్క బడిలో బోర్డు మీద వేసి పిల్లల చేత చేయించండి. లాభనష్టాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క పుస్తకంలో దొరకదు.

పేజీ తెరిచేవాళ్లకు మరో మాట. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటే అంగడి వాళ్లది. సాయం చేస్తామని వచ్చిన పెద్దమనుషులు తమ ఫోను నంబరుతో పేజీ తెరిచి, తమ ఖాతాకు డబ్బు వేయించుకుని, ఒకరోజు వెళ్లిపోతే ఐదేళ్ల పేరు వాళ్ల వెంటే పోతుంది. నంబరు తండాది కావాలి. బ్యాంకు ఖాతా సంఘానిది కావాలి. పాస్‌వర్డు కనీసం ఇద్దరు ఆడవాళ్లకు తెలిసి ఉండాలి. ఊరికొక పేజీ, మనిషికొక పేరు వద్దు. పది ఇళ్లు కలిసి ఒక పేరు పెట్టుకుని, దాని కింద కుట్టినామె పేరు రాయాలి. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించడానికి వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500 రూపాయల రుసుము. పది ఇళ్లు పంచుకుంటే తలా 450. రాష్ట్రం లోపల అమ్ముకునే చిన్నవాళ్లు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంటు నంబరుతోనే ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు పెట్టుకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి ఉంది. సిగ్నలు లేని, కొరియరు రాని తండాలు మనకు చాలా ఉన్నాయి. వాళ్లు సంచికి కట్టే అట్టముక్కతోనే మొదలుపెట్టవచ్చు. దేశమంతా తిరుపతికి వస్తోంది. ఆ అట్ట మీద మన పేరు, మన నంబరు ఉంటే యాత్రికుడు ఊరికి పోయాక కూడా మనకే ఫోను చేస్తాడు.

ఎరుకల, యానాది తమ్ముళ్లూ, ఇది సుగాలి కుట్టు గోల అనుకోవద్దు. మీ వెదురుబుట్టకు, ఈతచాపకు, వలకు ఇదే మాట. మీకు ఇంకో పోరాటం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా లెక్కగట్టింది. వెదురు తెచ్చుకునే హక్కు కోసం నిలబడకుండా బుట్టకు బ్రాండు కడితే, మొదటి ఆర్డరు వచ్చిన రోజే వెదురు లేక చేతులెత్తేయాలి.

మా పెద్దలు కొందరు అంటారు: కుట్టు అమ్ముకుంటే సంస్కృతి అమ్ముకున్నట్టే అని. వాళ్లను మేం ఒకటి అడుగుతాం. అవ్వల నాటి పేట్యాలు, కాంచళ్లు ఏమయ్యాయి? స్టీలు సామాన్లవాడికి ఒక బిందెకూ రెండు గిన్నెలకూ ఇచ్చేశాం. అవి ముక్కలై పట్నంలో సంచులయ్యాయి. అమ్మకం ఎప్పుడో జరిగిపోయింది, మనకు చెప్పకుండా. ఇప్పుడైనా ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో తండాలో కూర్చుని మనమే తేల్చుకుందాం. పెళ్లికూతురి బట్టలు, అవ్వ చేతి పాతవి ఇంట్లో ఉండాలి. కొత్తగా కుట్టినవి అంగడికి పోవాలి.

చివరగా మాలాంటి పంతుళ్ల తప్పు. వాళ్లమ్మ కుట్టిన సంచి తగిలించుకుని బడికి వచ్చిన పిల్లను మనమే చిన్నచూపు చూశాం. కొనుక్కున్న సంచి తెచ్చుకోమన్నాం. క్రాఫ్టు పీరియడులో ప్లాస్టిక్ పూలు చేయించాం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక చేతిపనివాళ్ల దగ్గర నేర్చుకోమని చెప్పింది. ఆ పది రోజులు తండా అవ్వను బడికి పిలుద్దాం, కుర్చీ వేద్దాం. ఒక్కో కుట్టు పేరు ఆమె చెబుతుంటే పిల్లలు తెలుగు లిపిలో నోటుబుక్కులో రాయాలి, పక్కన బొమ్మ వేయాలి, కింద అవ్వ పేరు రాయాలి. రేపు జి.ఐ. అడగాలన్నా, పేజీ తెరవాలన్నా, దొంగను నిలదీయాలన్నా ముందు చూపించాల్సింది ఆ నోటుబుక్కే.

మా చిన్నమ్మకు అక్షరాలు రావు. ఆ రోజు తిరుపతి నుంచి వచ్చాక ఆమె పేరును మా అమ్మాయి ఒక అట్టముక్క మీద రాసి ఇచ్చింది. చిన్నమ్మ దాన్ని చూసి చూసి, అదే దారంతో కొత్త సంచి లోపల కుట్టుకుంది. వంకరగా వచ్చింది. ఆ సంచిని ఏజెంటుకు ఇవ్వలేదు.