కూజా అడుగున వ్రాసిన మాట



పింగాణీ అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆవకాయ జాడీ. ఈ నెల మేము చెప్పబోయేది మాత్రం దూరదేశంలో అమ్మకానికి వచ్చిన ఒక చైనా పింగాణీ కూజా సంగతి.

2022 అక్టోబరు 1వ తేదీన ఫ్రాన్సులోని ఫోంటెన్‌బ్లో పట్టణంలో దానిని వేలం వేశారు. గుండ్రని పొట్ట, పొడవాటి మెడ, తెల్లని నేల మీద నీలిరంగు మేఘాలు, వాటి నడుమ డ్రాగన్లు. ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లు. దాని సొంతదారు పరదేశంలో ఉండి, తల్లిగారి ఇంట్లోని పాత సామానుతోపాటు దానినీ అమ్మకానికి పెట్టారు. పరీక్షించిన నిపుణుడు అది 20వ శతాబ్దపు అలంకార వస్తువేనని, 1,500 నుండి 2,000 యూరోలు పలకవచ్చునని చెప్పాడు. అయితే చూడటానికి వందలమంది వచ్చారు. పాట పెరిగి పెరిగి 77 లక్షల యూరోల దగ్గర ఆగింది! కొన్నవారు అది 18వ శతాబ్దపుదని నమ్మారన్నమాట. నిపుణుడు మాత్రం తన మాట మార్చుకోలేదు.

ఇంతకూ ఎవరిది సరి? మేము తీర్పు చెప్పబోవడం లేదు. కాని ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలుసుకోవడం మంచిది.

ఈ నీలి–తెలుపు పనికి పేరుపొందిన ఊరు చైనాలోని జింగ్‌డెజెన్. తెల్లమట్టితో చేసిన పాత్రపై కోబాల్టు రంగుతో బొమ్మ వేసి, పైన గాజుపూత పూసి, దాదాపు 1,300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రంగు పూతకు లోపల ఉంటుంది గనుక ఎన్నేళ్ళయినా చెరగదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ కూజాల జంటపై 1351వ సంవత్సరమని వ్రాసి ఉంది. నేటికీ ఆ నీలం నీలంగానే ఉన్నది.

చాలా పాత్రల అడుగున చక్రవర్తి పేరు వ్రాసి ఉంటుంది. అది చూసి మోసపోరాదు. 17వ శతాబ్దం చివర కాంగ్‌షీ చక్రవర్తి కాలపు కుమ్మరులు తమకంటే రెండు వందల ఏళ్ళ ముందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరును తమ పాత్రలపై వ్రాశారు. కొందరిది పూర్వుల పనిమీద గౌరవం; తరువాత వచ్చినవారిలో కొందరిది మోసం. అక్షరాలు మాత్రం ఒక్కటే. అందుకే తెలిసినవారు పేరు ఒక్కటే చూడరు. పాత్రను చేతిలోకి తీసుకొని బరువు చూస్తారు, అడుగున పూతలేని అంచును తడిమి మట్టిని చూస్తారు, గీత ఎలా సాగిందో చూస్తారు. అంత చూసినా ఒక్కొక్కసారి ఏకాభిప్రాయం కుదరదు.

మీ ఇంట్లోనూ తాతలనాటి వస్తువు ఏదైనా ఉంటే, అమ్మేముందు ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. మెరవాలని గట్టిగా తోమకండి. ఒక్కరి మాటతో తేల్చుకోక మరొకరికి కూడా చూపించండి. అమ్మేటప్పుడు తెలిసినంతే చెప్పండి. “మా తాతగారి దగ్గరనుండి వచ్చింది, వయసు మాకు తెలియదు” అనడంలో చిన్నతనం లేదు. ఆ ఒక్క మాట వల్ల నాలుగు రూపాయలు తగ్గితే తగ్గవచ్చు. కొన్నవారి ఎదుట మాత్రం తలవంచుకోనక్కరలేదు.