మందు గురించి తెలుసుకోవడం ఆమె హక్కు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే స్త్రీలకు కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. వేళ్ళు వణికితే కూలి తగ్గుతుంది. మానసిక వ్యాధుల మందుల గురించి చర్చను మనం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

లేని మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు తలపెట్టారనిపించడం వంటి లక్షణాలను తగ్గించడానికి 1950ల నుంచి యాంటీసైకోటిక్ మందులు వాడుతున్నారు. ఇవి ముఖ్యంగా మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. శరీర కదలికలకూ డోపమైన్ కావాలి. అందుకే హాలోపెరిడాల్ వంటి మందులతో చేతులు వణకవచ్చు, కండరాలు బిగుసుకుపోవచ్చు. రిస్పెరిడోన్ వల్ల ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి బహిష్టు ఆగవచ్చు. ఒలాంజపిన్‌తో బరువు, షుగర్ పెరగవచ్చు.

ఇవేవీ తెలియని ఇంట్లో వణుకు బద్ధకమవుతుంది. బహిష్టు ఆగితే శీలం మీదే నింద పడుతుంది.

మందులు వద్దని నేననడం లేదు. వాటి వల్ల కోలుకున్నవారు ఎందరో ఉన్నారు. హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఇబ్బంది చెబితే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. అయితే ఆ ఇబ్బంది మందు వల్లేనని ముందు ఆమెకు తెలియాలి కదా!

చికిత్స వివరాలను, తెలిసిన దుష్ఫలితాలతో సహా, రోగికి అర్థమయ్యే భాషలో తెలపాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. భర్త చేతికో అత్త చేతికో చీటీ ఇస్తే ఆ బాధ్యత తీరదు. తోడు వెళ్ళే కార్యకర్తలు ఆమె ఎదుటే అడగాలి: ఈ మందు దేనికి? ఏ ఇబ్బందులు రావచ్చు? వస్తే ఏం చేయాలి? జవాబు ఆమెకు అర్థమయ్యేదాకా అక్కడి నుంచి కదలకూడదు.