రేపు లెక్కల పరీక్ష... నిద్ర రాదే!

మార్చి వచ్చిందంటే పదో తరగతి పిల్లలున్న ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది. టీవీ గొంతు తగ్గుతుంది. సెల్‌ఫోను బీరువాలోకి వెళ్తుంది. దగ్గరి పెళ్లయినా ఒక్కరే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేస్తారు. రాత్రి పదకొండు దాటాక కూడా ఒక గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. కాసేపటికి లైటు ఆరుతుంది గానీ పిల్లాడి కళ్లు మూతపడవు. ఒంటిగంట... 'ఇప్పుడు పడుకున్నా ఐదు గంటలే'. రెండు... 'ఇంక నాలుగే'. పొద్దున రాయబోయే లెక్కల పేపరు కన్నా రాత్రంతా చేసే ఈ తీసివేతలే ఎక్కువ భయపెడతాయి.

ఆ భయంలో సగానికి పైగా అనవసరం. ఈ సంగతి పరీక్ష ముందురోజు రాత్రి కాదు, నెల రోజుల ముందే ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నిద్ర ఎందుకు రాదంటే, ఒంటికి అది ఆపద సమయంలా తోస్తుంది కనుక. పులి ఎదురైతే గుండె వేగంగా కొట్టుకోవాలి, కళ్లు తెరుచుకుని ఉండాలి. అందుకు అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విడుదలవుతాయి. ఒంటికి పులికీ ప్రశ్నపత్రానికీ తేడా తెలియదు. అదే ఏర్పాటును ఇక్కడా వాడేస్తుంది. ఇందులో ఒక మేలు కూడా ఉంది. రాత్రి నిద్ర చెడగొట్టిన ఆ ఉద్వేగమే మర్నాడు పరీక్ష హాల్లో చాలామంది పిల్లలను మూడు గంటలు నిలబెడుతుంది. శివరాత్రికి జాగారం చేసినవాళ్లు మర్నాడు ఆవులిస్తూనైనా పనులు చేసుకోవడం లేదూ! ఒక్క రాత్రి నిద్ర తగ్గితే చిరాకు, కాస్త పరధ్యానం ఉంటాయి నిజమే. కానీ ఏడాదంతా చదివింది చెరిగిపోదు.

మార్కులకు గండి కొట్టేది ఆ ఒక్క రాత్రి కాదు, అంతకుముందు రెండు మూడు వారాల పాటు పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేచిన రాత్రులు. తెల్లవారుజామున చదివితే బాగా గుర్తుంటుందన్న మాట మన ఇళ్లలో తాతల నాటిది. ఎనిమిదింటికే భోంచేసి తొమ్మిదింటికి నిద్రపోయిన రోజుల్లో నాలుగింటికి లేవడంలో తప్పులేదు. ఇప్పుడు మొదటి సగం పోయి రెండో సగమే మిగిలింది. పైగా యుక్తవయసులో ఒంట్లోని గడియారం సహజంగానే కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. ఆ వయసు పిల్లలకు పెందరాళే నిద్ర రాకపోవడం మొండితనం కాదు. వాళ్లకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పరీక్షల్లో అంత కుదరదనుకున్నా, ఏడు గంటలకు తగ్గితే చదివిన చదువుకే నష్టం.

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థులతో అర్థంలేని అక్షరాల జట్లను బట్టీ పట్టించారు. ఒకసారి నేర్చుకున్నాక నిద్రపోనిచ్చారు, మరోసారి మేలుకుని ఉండమన్నారు. నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. నిద్రలో మెదడు పగలు చదివినదాన్ని సర్ది పెట్టుకుంటుందని ఆ తర్వాతి పరిశోధనలు మరింత వివరంగా చూపాయి. అంటే, మరో పాఠం కోసం నిద్ర మానుకుంటే అంతకుముందు చదివిన పాఠం వదులవుతుందన్నమాట.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకప్పుడు పదికి 11 పేపర్లు ఉండేవి. 2023 పరీక్షల నాటికి అవి ఆరయ్యాయి. గుండె దడదడలాడే రాత్రులు తగ్గాయి, కానీ ఒక్కో పేపరు బరువు పెరిగింది. దీనికి తోడు ఆలస్యమవుతుందన్న బెంగ ఒకటి. ఇంటర్ పరీక్షల్లో నిమిషం నిబంధన ఎంతమందిని గేటు దగ్గర ఏడిపించిందో తెలుగునాట అందరికీ తెలుసు. తెలంగాణలో 2024లో దాన్ని ఐదు నిమిషాలకు సడలించారు. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేచే కలల్లో బస్సు తప్పిపోవడం, హాల్ టికెట్ మర్చిపోవడమే ఎక్కువ. ముందురోజు సాయంత్రం నాన్నో, బాబాయో తీసుకెళ్లి సెంటర్ చూపిస్తే, హాల్ టికెట్, పెన్నులు, అట్ట ఒక సంచిలో పెట్టి గుమ్మం దగ్గర తగిలిస్తే ఆ కలలకు సగం ముడిసరుకు పోతుంది.

ఇంట్లోవాళ్లు మంచి మనసుతో చేసే కొన్ని పనులే నిద్రకు అడ్డం. తొమ్మిదింటికి ఫ్లాస్కులో టీ పోసిచ్చే తల్లులు ఎందరో! టీ, కాఫీల్లోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే రెండింటికి కూడా అది ఒంట్లో కాపలా కాస్తూనే ఉంటుంది. ఇక 'పడుకున్నావా' అంటూ పావుగంటకోసారి తలుపు తీసి చూడటం మరొకటి. పిల్ల కళ్లు మూసుకుని నిద్రపోయినట్టు నటిస్తుంది, తలుపు పడగానే మళ్లీ తెరుస్తుంది. 'నువ్వు బాగా రాస్తావని మాకు తెలుసమ్మా' అన్న మాట ధైర్యంలాగే వినిపిస్తుంది. రాయలేకపోతే ఎలా అన్న బరువూ దాంతోపాటే మోపుతుంది. అన్నిటికన్నా హానికరం, నానమ్మ వాడే నిద్రమాత్రను సగం విరిచి ఇవ్వడం. దాని మత్తు మర్నాడు హాల్లోకీ వస్తుంది, జ్ఞాపకశక్తినీ మందగింపజేస్తుంది. డాక్టరు రాయకుండా అది పిల్లలకు ఇవ్వకూడదు.

నిద్ర పిలిస్తే రాదు. వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ నిద్రపట్టనివాళ్లకు ఒక తమాషా సలహా ఇచ్చేవారు. నిద్రపోవడానికి ప్రయత్నించవద్దు, వీలైనంతసేపు మేలుకుని ఉండటానికి ప్రయత్నించమనేవారు. పట్టుదల వదిలితే భయం సడలుతుంది, నిద్ర దానంతటదే వస్తుంది. అరగంట గడిచినా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని పాత వారపత్రికో మరొకటో తిరగేసి, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోవడం మేలు. గైడు మాత్రం తెరవకూడదు. గోడ గడియారం కనిపించకుండా తిప్పి పెడితే తీసివేతలు చేసే పనీ తప్పుతుంది.

మనసులో తిరిగే భయాలను కాగితం మీద పెట్టడం కూడా పనిచేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ బెంగ గురించి రాసుకున్న పిల్లలు మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. ఎక్కువ భయపడేవాళ్లకే ఎక్కువ లాభం కనిపించింది. ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరూ తీసి చదవకూడదన్నది చెప్పకుండానే పాటించాల్సిన షరతు.

అయితే అన్ని నిద్రలేని రాత్రులూ ఒకటి కాదు. రెండు మూడు వారాలుగా నిద్ర లేక, అన్నం సయించక, ఊరికే ఏడుస్తూ, 'నేను లేకపోతే మీకే హాయి' లాంటి మాటలు అంటుంటే దాన్ని పరీక్షల బెంగ అని కొట్టిపారేయకూడదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. తప్పినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందన్న మాటను తల్లిదండ్రులు ఫలితాలు వచ్చాక కాదు, పరీక్షలకు ముందే మామూలు గొంతుతో ఒకసారి అనాలి.

పరీక్ష రాసి ఇంటికొచ్చిన పిల్లాడిని గుమ్మంలోనే ఆపి బిట్లు ఎన్ని కరెక్టని లెక్క కట్టించే ఆచారం ఒకటుంది. దానివల్ల రాసిన పేపరు మారదు, రాబోయే రాత్రి మాత్రం పాడవుతుంది. రాత్రి సరిగా నిద్రపోనివాడికి మధ్యాహ్నం కావాల్సింది ఇంత పెరుగన్నం, చీకటి చేసిన గది, అరగంట కునుకు. నాలుగు దాటనివ్వకుండా లేపితే రాత్రి పదింటికల్లా ఆవులింతలు వాటంతటవే వస్తాయి.