ఎర్రర్ వస్తే ప్రాజెక్టు కొనొద్దు, మొదటి లైన్ చదవండి

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి.

ప్రాజెక్టుల టైం వచ్చిందంటే గ్రూపులో రెండే రకాల మెసేజ్‌లు. మొదటిది, "అన్నా, ఎర్రర్ వస్తుంది, ఏం చేయాలె?" దాని కింద సగం స్క్రీన్ ఫోటో. పది రోజుల తర్వాత రెండోది, "రెడీమేడ్ ప్రాజెక్టు తక్కువలో ఎక్కడ దొరుకుతది?" ఈ రెండింటి మధ్య జరిగేదాని గురించే మేము మాట్లాడుతున్నాం. మనవాళ్లు ప్రాజెక్టు కొనేది ప్రోగ్రాం రాయరాక కాదు. రాసింది తమ ల్యాప్‌టాప్‌లో కంపైల్ కాక, లింక్ కాక.

సి లాంగ్వేజ్ సిలబస్‌లో ఉంది, 8051 కూడా ఉంది. కంపైలర్‌ను సొంతంగా పెట్టుకోవడం, లింకర్ ఏమంటుందో అర్థం చేసుకోవడం మాత్రం మాకు ఏ యూనిట్‌లోనూ కనిపించలేదు. ల్యాబ్‌లో అన్నీ ముందే పెట్టి ఉంటాయి, మనం బటన్ నొక్కుతాం, అంతే. ఇంట్లో ఇంజినీర్ అన్న ఉన్నోళ్లకు ఇది ఒక సాయంత్రం పని. మనలో చాలామందిమి ఇంట్లోంచి కాలేజీకి వచ్చిన మొదటోళ్లం. మనకు తక్కువైంది తెలివి కాదు, పక్కన కూర్చుని చెప్పే మనిషి. ఆ మనిషి మనలోంచే రావాలె.

"టైం లేదన్నా, మార్కులు వస్తే చాలు" అనేవాళ్లున్నారు. వాళ్ల కష్టం మాకు తెలుసు. కానీ వైవాలో ఎగ్జామినర్ "ఈ ఎల్ఈడీ ఇంకొంచెం నెమ్మదిగా వెలగాలె, మార్చి చూపించు" అంటే? ఒక్క అంకె మార్చినా మళ్లీ కంపైల్ చేయాలె. కొన్న ప్రాజెక్టు అక్కడే ఆగిపోతది. ఇంట్లో పత్తి అమ్మి పంపిన పైసలు పోయి, చేతికి పని కూడా రాకపోతే రెండు నష్టాలు.

అసలు లోపల ఏం జరుగుతదో చూద్దాం. కంపైలర్ ఒక్కో సి ఫైల్‌ను విడివిడిగా చదివి ఆబ్జెక్ట్ ఫైల్ చేస్తది. వేరే ఫైల్‌లోని ఫంక్షన్‌ను పిలిస్తే "అది ఎక్కడో ఉంటది" అని ఖాళీ వదిలేస్తది. లింకర్ అన్నింటినీ కలిపి, ఆ ఖాళీలు నింపి, చిప్ మెమరీలో ఎవరి చోటు ఎక్కడో ఖాయం చేస్తది. ఊళ్లో పెళ్లి పందిరి లెక్కే. ఫలానా ఇంటి నుంచి వాసాలు, ఫలానా ఇంటి నుంచి గంగాళం అని ముందు రాసుకుంటాం. పందిరి వేసే రోజు చూస్తే ఆ ఇంటి నుంచి వాసాలే రాలేదు. లింకర్ చెప్పే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" సరిగ్గా ఇదే.

కాబట్టి ఎర్రర్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది ఎవరి మాట?

కమాండే దొరకలేదని విండోస్ అంటే కంపైలర్ ఇంకా పని మొదలుపెట్టలేదు. అది ఇన్‌స్టాల్ అయిందో లేదో చూసి, దాని "బిన్" ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చి, కమాండ్ విండో మూసి మళ్లీ తెరవండి. హెడర్ ఫైల్ పేరు చెప్పి "నో సచ్ ఫైల్" అంటే అది కంపైలర్ మాట. ఆ హెడర్ ఉన్న ఫోల్డర్‌ను ఇంక్లూడ్ పాత్‌లో చూపించాలె.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటే సింటాక్స్ తప్పు వెతకొద్దు. ఎల్‌సీడీ లైబ్రరీ వాడేటప్పుడు చాలామంది హెడర్ ఒక్కటే పెట్టి, దాని సి ఫైల్‌ను ప్రాజెక్టులో కలపరు. కంపైలర్ ఊరుకుంటది, లింకర్ ఊరుకోదు. ఫైల్ కలిపితే పోతది. జీసీసీలో కమాండ్ రాసేవాళ్లు లైబ్రరీ పేరును సి ఫైళ్ల తర్వాతే పెట్టండి, లింకర్ ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతది.

"మల్టిపుల్ డెఫినిషన్" దీనికి తిరగబడ్డది. ఒకే పేరుతో రెండిళ్ల నుంచి గంగాళాలు వచ్చినట్టు. హెడర్ ఫైల్‌లో గ్లోబల్ వేరియబుల్ పెడితే, దాన్ని ఇంక్లూడ్ చేసిన ప్రతి ఫైల్‌లో ఒక కాపీ పుడతది. సీనియర్ దగ్గర నడిచిన ఎస్‌టీఎం32 ప్రాజెక్టు మన దగ్గర నడవకపోవడానికి ఇదొక కారణం. విలువ ఇవ్వని ఇలాంటి వేరియబుల్స్‌ను పాత జీసీసీ కలిపేసి ఊరుకునేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఒప్పుకోదు. హెడర్‌లో "ఎక్స్‌టర్న్" అని రాసి, అసలు వేరియబుల్‌ను ఒక్క సి ఫైల్‌లోనే ఉంచండి.

ఇంకోటి సైజు. ఆర్డ్యూయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో ఫ్లాష్ 32 కేబీ, ర్యామ్ 2 కేబీ మాత్రమే. "ఓవర్‌ఫ్లో" అంటే చోటు చాల్లేదని. 8051కు కీల్ ఉచిత వెర్షన్ వాడితే ఇంకో గోడ ఉంది: 2 కేబీ కోడ్ దాటగానే లింకర్ ఆపేస్తది. ఏటీ89సీ51 చిప్‌లో 4 కేబీ ఉన్నా సరే. అది మన ప్రోగ్రాం తప్పు కాదు, ఆ వెర్షన్ హద్దు. క్రాక్ ఫైళ్ల కోసం వెతికి వైరస్‌లు తెచ్చుకోవద్దు. ఎస్‌డీసీసీ అని పూర్తిగా ఉచిత కంపైలర్ ఉంది. పిన్నులు డిక్లేర్ చేసే తీరు లాంటివి కొంచెం మార్చుకోవాలె.

హెక్స్ ఫైల్ తయారయ్యాక బోర్డులోకి ఎక్కట్లేదంటే కంపైలర్‌నూ లింకర్‌నూ వదిలేయండి. వాటి పని అయిపోయింది. కేబుల్ ఛార్జింగ్‌కే పనికొచ్చేదేమో, తక్కువ ధర బోర్డు అయితే సీహెచ్340 డ్రైవర్ ఉందో లేదో, పోర్ట్ సరైనదో కాదో చూడండి.

ఇప్పుడు మా ప్రతిపాదన. ఒక్కో హాస్టల్‌లో ఒక పెన్‌డ్రైవ్ ఉంచుదాం. అందులో ఇన్‌స్టాలర్లు, డ్రైవర్లు, ఎల్ఈడీ ఒక్కటి వెలిగించే చిన్న ప్రాజెక్టు. ముందు అది బిల్డ్ అయితేనే మన కోడ్ జోలికి పోవాలె. పక్కన ఒక నోట్‌బుక్: వచ్చిన ఎర్రర్, ఎవరి మాట, ఎట్లా పోయింది. తెలుగులో రాయండి. వాయిస్ నోట్ అయితే గోండి, కోయ, లంబాడీ, కొలామీ, మీకు ఏది సులువైతే అందులో చెప్పండి.

గ్రూపులో అడిగేటప్పుడు ఫోటో వద్దు. మొదటి ఎర్రర్ లైన్ మొత్తం కాపీ చేసి, బోర్డు పేరు, కంపైలర్ వెర్షన్ రాయండి. కింద ముప్పై లైన్లున్నా గాబరా వద్దు, ఎక్కువసార్లు మొదటిది పోతే మిగతావి వాటంతటవే పోతాయి.

తెలిసినోళ్లు "గూగుల్ చెయ్" అని వదిలేయకండి. అన్నలారా, అక్కలారా, ఒక్క సాయంత్రం ఇవ్వండి. మీ హాస్టల్‌లో పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గర ఉంటదో కింద కామెంట్‌లో రాయండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.