మత్తు డాక్టరును కూడా అడగండి



ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అని తెలియగానే మనం అడిగే మొదటి ప్రశ్న, "ఆపరేషన్ ఎవరు చేస్తారు?" అని. రుయాకు పోవాలా, స్విమ్స్‌కు పోవాలా, వేలూరు సి.ఎం.సి.కి పోవాలా అని తిరుచానూరు చుట్టుపక్కల కుటుంబాల్లో ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. సర్జన్ అనుభవం, హస్తవాసి అన్నీ వాకబు చేస్తారు. కాని మత్తు ఎవరిస్తారు, ఏ రకం మత్తు ఇస్తారు అని అడిగేవారు బహు తక్కువ. ఆపరేషన్ జరిగినంతసేపూ మన ఊపిరిని, గుండెను, రక్తపోటును కనిపెట్టుకొని ఉండే ఆ డాక్టరు ముఖమైనా చూడకుండానే చాలామంది టేబుల్ మీద పడుకుంటారు. ఈ అలవాటు మారాలని మా అభిప్రాయం.

మత్తు అంటే ఒకటే రకం కాదు. శుక్లాల ఆపరేషన్‌కు చాలాసార్లు కంటి చుక్కలతోనో, కంటి పక్కన వేసే సూదితోనో సరిపోతుంది. సిజేరియన్‌కు, హెర్నియాకు తరచుగా నడుములో సూది వేసి కింది భాగాన్ని మాత్రమే తిమ్మిరెక్కిస్తారు. మనిషి మేలుకొనే ఉంటారు. ఎండోస్కోపీ వంటి పరీక్షలకు అవసరమైతే మగత కలిగించే మందు ఇస్తారు. కడుపులోనో, ఛాతీలోనో చేసే పెద్ద ఆపరేషన్లకు సాధారణంగా పూర్తి మత్తు కావాలి.

కొన్ని ఆపరేషన్లకు రెండు మూడు పద్ధతులూ కుదురుతాయి. అక్కడే రోగి ఇష్టానికి చోటుంది. "కత్తెర్ల చప్పుడు వింటే నాకు భయం, నిద్రపుచ్చండి" అని ఒకరు కోరవచ్చు. "బిడ్డ మొదటి ఏడుపు నేను వినాలి, మెలకువగానే ఉంచండి" అని ఒక తల్లి కోరవచ్చు. "ఆపరేషన్ థియేటర్‌లో నా పక్కన ఒక నర్సమ్మ ఉండాలి" అని ఒక అక్క అడగవచ్చు. వీటిలో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు. అన్నీ తీర్చడం కుదరకపోవచ్చు, కాని ఎందుకు కుదరదో చెప్పించుకునే హక్కు రోగికి ఉంది.

నడుము సూది గురించి మన ఊళ్ళలో ఒక భయం ఉంది. ఆ సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి అని కాన్పుకు వచ్చే ఆడపిల్లలను బెదరగొడతారు. సూది వేసిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండవచ్చు, కొందరికి కొద్ది రోజులు తలనొప్పి రావచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు. పొరుగింటి మాట విని నిర్ణయించుకునే బదులు మత్తు డాక్టరునే అడిగితే ఈ భయం తీరుతుంది.

మత్తు ఇవ్వడం ఎంత పెద్ద బాధ్యతో చర్చించిన చరిత్ర హైదరాబాదుకు ఉంది. క్లోరోఫారం ఎందుకు ప్రాణం తీస్తుందో తేల్చడానికి ఆరవ నిజాం కాలంలో, 1888లోను 1889లోను అక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చేవారి దృష్టి ఎప్పుడూ రోగి ఊపిరి మీదే ఉండాలని వాటిని నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టారు. గుండె కంటే ముందు ఊపిరే ఆగుతుందని ఆ కమిషన్లు తేల్చిన మాటను తర్వాతి పరిశోధనలు సరిదిద్దాయి. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చని తెలిసింది. అయినా రోగి మీద నుండి దృష్టి మరల్చకూడదన్న పాఠం నిలిచింది. ఆ హైదరాబాదు మెడికల్ స్కూలులోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరు పొందారు.

అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా మత్తు ఇస్తారు. మన దేశంలో అది డాక్టరు బాధ్యత. టెక్నీషియన్లు, నర్సులు సహాయం చేస్తారు. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుల కోసం ప్రత్యేక శిక్షణ పొందిన ఎం.బి.బి.ఎస్. డాక్టర్లు ఇస్తారు. కాబట్టి "మత్తు ఎవరిస్తారు? ఆపరేషన్ అయ్యేదాకా నా దగ్గరే ఉంటారా?" అని అడగడం అవమానించడం కాదు. డబ్బు కట్టి వచ్చినవారికి ఎంత హక్కు ఉందో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చినవారికీ అంతే ఉంది.

మరొక ముఖ్యమైన మాట. మన ఇళ్ళలో సంతకం భర్తో, కొడుకో పెడతారు, రోగిని అడగరు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందరూ తెలుసుకోదగినది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం పూర్తి మత్తుకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, పెద్దవయసు వచ్చిన రోగి మెలకువలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. తల్లి ప్రేమ కూడా రోగి సమ్మతికి బదులు కాదు. అందుకే ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నది మత్తుకు ముందే మాట్లాడుకోవాలి.

"ప్రార్థన చేసుకున్నాం, ఇక ప్రశ్నలెందుకు?" అనే విశ్వాసులు ఉన్నారు. మార్కు సువార్త పదవ అధ్యాయము చూడండి. గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే చుట్టూ ఉన్నవారు ఊరకుండమని గద్దించారు. ప్రభువు మాత్రం నిలిచి, అతన్ని పిలిపించి, తన వలన ఏమి కోరుతున్నాడో అతన్నే అడిగాడు. ఆయనకు తెలియక అడిగాడా? రోగి నోట వినడం కూడా స్వస్థతలో భాగమే. మంచం చుట్టూ నిలబడే మన బంధువర్గం ఎవరిలాగా ఉందో ఆలోచించుకోవాలి.

అన్నీ వింటే రోగి ఇంకా భయపడతారని కొందరంటారు. వద్దన్నవారికి వివరాలన్నీ చెప్పనక్కరలేదు. కాని అడిగినవారి నోరు మూయించడం వేరు.

అడిగే హక్కుతోపాటు నిజం చెప్పే బాధ్యత కూడా ఉంది. బీడీ, సారా, ఆయాసం, షుగరు, నాటు మందులు, కదిలే పన్ను, కట్టుడు పళ్ళు, ఇంతకుముందు మత్తులో వచ్చిన ఇబ్బంది ఏదీ దాచవద్దు. సాధారణంగా తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. మీ డాక్టరు చెప్పిన వేళే పాటించండి. "పాపం ఆకలితో ఉంది" అని చాటుగా జావ తాగిస్తే, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. అత్యవసరంలో ఇష్టాలు వినే వ్యవధి ఉండకపోవచ్చు. అప్పుడు ప్రాణం నిలబెట్టడమే ముందు.

ఆసుపత్రులకు మా మనవి ఒక్కటే. తేదీ పెట్టి చేసే ఏ ఆపరేషన్ అయినా, మత్తు డాక్టరు రోగిని ముందుగా కలిసి, రోగికి అర్థమయ్యే భాషలో పది నిమిషాలు మాట్లాడిన తర్వాతే జరగాలి. కుటుంబాలకూ ఒక మనవి: ఆ పది నిమిషాలు అమ్మనే మాట్లాడనివ్వండి.

దేవుడు మిమ్మును ఆరోగ్యముతో దీవించును గాక.