ఆకలి నెఱిగినవారు

ఆకలికి మందు అన్నమే. కాని, ఏ పంట వేయవలెనో, ఎవరికి ముందుగా పంచవలెనో నిర్ణయింపవలసిన దెవరు? ఆకలి నెఱిగినవారే యని నా అభిప్రాయము.

ఇందుకు తెలంగాణమునందలి జహీరాబాదు ప్రాంతము తార్కాణము. అది వానపై ఆధారపడిన మెట్టసీమ. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో అచ్చటి పేద స్త్రీలు గ్రామ సంఘములుగా కూడిరి. బీడుభూములను దున్ని, నీరెక్కువ కోరని జొన్నలు పండించిరి. సాగునకు పొందిన అప్పును ధాన్యముగా తీర్చిరి. ఆ ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, నిరుపేదలకు చౌకగా అమ్మిరి. నిరుపేదలెవరో ఊరివారే తేల్చిరి. విత్తనములను ఇండ్లలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనిరి. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించెను.

బాలలారా! ఆకలిగొన్నవారికి విస్తరి వేయుట మంచిదే. అంతటితో మన విధి తీరదు. పంటను గూర్చియు, పంపకమును గూర్చియు ఆలోచించు సభలో వారికి పీట వేయవలెను.